"ఎన్ని దేవుళ్ల వారు?": కేస్లాపూర్ నాగోబా జాతరలో

మర్రిచెట్ల కింద ఎడ్లబండికి ఆనుకుని కూర్చున్న ముసలమ్మ నా పేరు అడగలేదు, ఊరూ అడగలేదు. "మీరు ఎన్ని దేవుళ్ల వారు?" అంది. గోండులు వరసలు పోల్చుకునేది ఈ లెక్కతోనేనని, నాగోబా అనే సర్పదేవుడి ఈ జాతర జరిపే మెస్రం వంశం వారు ఏడు దేవుళ్ల సగకు, అంటే కొలిచే దేవుళ్ల లెక్కను బట్టి ఏర్పడిన గోత్రాల సముదాయానికి, చెందినవారని, ఒకే సగలో పెళ్లిళ్లు చేసుకోరని నాకు తరువాత తెలిసింది. అప్పటికి మాత్రం నీళ్లు నమిలి, "మా ఇంట్లో చాలా పటాలే ఉన్నాయమ్మా" అన్నాను. ఆమె పక్కనున్న కోడలికి గోండీలో ఏదో చెప్పింది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు.

హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. అక్కడ ఉట్నూరు బస్సెక్కి ముత్నూరులో దిగితే కేస్లాపూర్ దగ్గరే. జాతర రోజుల్లో బస్సులకు, ఆటోలకు కొదవ లేదు. చిక్కల్లా బసతోనే. ఉట్నూరులో నాకు గది దొరకలేదు. ఆదిలాబాద్‌లో దొరికిన లాడ్జిలో మంచం, దుప్పటి శుభ్రంగానే ఉన్నాయి కానీ, వేడినీళ్లు మాటల్లోనే వచ్చాయి. పుష్యమాసపు ఆదిలాబాద్ చలి తెలిసినవారికి ఇది చిన్న ఫిర్యాదు కాదు. అయినా పూజ జరిగే అమావాస్య రాత్రి గదితో పనేమీ ఉండదు. పట్నంలో పడుకుని పొద్దున వద్దామనుకుంటే అసలు జాతర తప్పిపోతుంది. మందపాటి రగ్గు తెచ్చుకోండి. తాత్కాలిక మరుగుదొడ్ల సంగతి మొదటి సాయంత్రం వరకు పరవాలేదు, ఆ తరువాత ఊహించుకోవచ్చు.

మెస్రం వారు చెప్పుల్లేకుండా నడిచి వెళ్లి, జన్నారం మండలంలోని హస్తినమడుగు దగ్గర గోదావరి నీళ్లు ఝారీ అనే కొమ్ముచెంబులో తెస్తారు. తెచ్చాక ఈ మర్రిచెట్ల కిందే విడిది. పూజకు కొత్త కుండలు సిరికొండ కుమ్మరుల నుంచి వస్తాయి. గోవాడ్ అనే ఆవరణలో పొయ్యిలు 22. ఇంతమంది వచ్చారు కదా, ఇంకో రెండు పెట్టుకుందామనే మాట లేదు. ఏ శాఖ వారు ఏ పొయ్యి మీద వండుకోవాలో ముందే ఖాయమై ఉంటుంది. ఆ పొగలో, ఆ హడావుడిలో గంటసేపు నిలబడ్డాను. నన్ను పొమ్మన్నవారు లేరు, కూర్చోమన్నవారూ లేరు. చెప్పులతో చెట్టు మొదలు దాకా వెళ్లినప్పుడు మాత్రం ఒక పదేళ్ల పిల్లవాడు నా పాదాల వైపు వేలు చూపించాడు.

రాత్రి పూజ మెస్రం వారిది. మిగిలినవారి దర్శనం ఆ తరువాతే. వరుసలో నా వెనక ఉన్నాయన "ఇంత దూరం నుంచి వచ్చాం" అని గొణుగుతూనే ఉన్నాడు. ఈ గుడిని మెస్రం కుటుంబాలు చందాలు వేసుకుని కొత్తగా కట్టుకున్నాయి, 2022లో ప్రారంభమైంది. ఆయన దూరం వాళ్లకెందుకు?

నేను చేసిన పొరపాటు భేటింగ్ దగ్గర. మెస్రం ఇళ్లకు వచ్చిన కొత్త కోడళ్లు తెల్లచీరల్లో, ముఖాల మీద ముసుగులతో వరుసగా వచ్చారు. పెద్దవాళ్లు వారిని దేవుడికి పరిచయం చేస్తారు. అది జరిగితే గాని పెళ్లయిన పిల్ల కూడా మెస్రం పూజల్లో పాలుపంచుకోలేదు. గోండుల గాయకులైన ప్రధానుల వాద్యాలు మోగుతుండగా నేను ఫోను పైకెత్తాను. ఒక నడివయసు మనిషి ఏమీ అనకుండా ఫోనుకు అడ్డంగా అరచెయ్యి పెట్టాడు, దించాక తీసేశాడు. కెమెరాలవాళ్లు అటువైపు ఇంకా ఉన్నారు, వారిని ఆపినట్టు లేదు. నాకెందుకో అడగాలనిపించలేదు. పక్కకు జరిగి, ముసుగు కింద ఒక అమ్మాయి చలికి వణుకుతున్న చేతులను చూస్తూ నిలబడ్డాను.

అంగళ్లు, రంగులరాట్నాల గురించి చెప్పడానికి ఏమీ లేదు, ఎక్కడైనా ఉండేవే. మిర్చిబజ్జీలు మాత్రం బాగున్నాయి. తీరిక ఉంటే దారిలో ఇంద్రవెల్లి స్తూపం దగ్గర ఆగండి. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఆదివాసుల స్మారకం అది.

పూజ తరువాతి రోజుల్లో ప్రజాదర్బారు ఉంటుంది. కుమ్రం భీమ్ మరణం తరువాత గోండుల స్థితిగతులను పరిశీలించడానికి నిజాం ప్రభుత్వం పంపిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940లలో మొదలుపెట్టించినది. వేదిక మీద అధికారులు, కింద అర్జీలు. ఒక్క రోజే కుదిరేవారు దీనికి రావడం కంటే అమావాస్య రాత్రికే రావాలంటాను, కానీ నేను ఉండిపోయాను. అర్జీ పట్టుకున్న ఒక పెద్దాయన కళ్లద్దాలు మరిచిపోయాడట, చదివి పెట్టమన్నాడు. భూమి పట్టా గురించి. గట్టిగా చదివాను. ఆయన ఊరి పేరు రెండుసార్లు తప్పు పలికాను, రెండుసార్లూ ఆపి దిద్దాడు. మూడోసారి సరిగ్గా వచ్చాక, "ఊ, ఇక కిందిది చదువు" అన్నాడు.