డేటా తినదు సరే, వాన లెక్క మింగేసింది

వేడి, గాలి, వాన కొలిచి నెట్‌లోకి పంపే వెదర్ స్టేషన్‌ని ఇంటి మీద పెట్టుకుందామనుకునేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది ఒకటే, నెట్ ఎంత అవుతుందని. మా ఇంటికి కేబుల్ లైన్ లేదు. సిమ్ వేసిన రూటరే దిక్కు, ఇంటిల్లిపాదీ దాని మీదే బతుకుతాం. అందుకని కొన్న కొత్తలో నాకూ అదే టెన్షన్. రెండేళ్ళ పైగా వాడాక చెప్తున్నాను, డేటా పొదుపులో దీనికి ఫుల్ మార్కులు. నా కోపమల్లా ఇంకో చోట ఉంది, అదీ ఈ డేటాతో ముడిపడిందే. ఎన్ని సెన్సర్లున్నాయి, ఎలా బిగించాలి లాంటివి ఏ వీడియోలోనైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను.

డాబా మీది సెన్సర్ 16 సెకన్లకోసారి రీడింగ్ పంపుతుందని చదివి కంగారుపడేవాళ్ళున్నారు. ఆ రీడింగ్ రేడియోలో లోపలి కన్సోల్‌కి, అంటే అంకెలు చూపించే తెర డబ్బాకి చేరుతుంది, ఇంటర్నెట్‌తో దానికి పనే లేదు. మన ప్యాక్‌లోంచి కరిగేది కన్సోల్ బయటి సర్వర్‌కి పంపేది మాత్రమే. నేను 5 నిమిషాలకోసారి, ఒకే సర్వీసుకి (రీడింగుల్ని గ్రాఫులుగా చూపించే సైటుకి) పంపేలా పెట్టుకున్నాను. అంటే రోజుకి 288 సార్లు. వేడి, తేమ, పీడనం, గాలి, వాన, అన్నీ కలిపినా ఒక్కో రీడింగ్ అర కేబీ అక్షరాలే. కాకపోతే ఉత్తరం కన్నా కవరు బరువు. కనెక్షన్ తెరవడం, సర్వర్ జవాబు అందుకోవడం, మూసెయ్యడం అన్నీ చేరి ఒకటిన్నర కేబీ దాకా అవుతుంది. ఆ లెక్కన రోజుకి 430 కేబీ, నెలకి 13 ఎంబీ. రూటర్ పేజీలో ఏ పరికరం ఎంత వాడిందో చూపించే పట్టికలో ఫోన్లన్నీ జీబీల్లో ఉంటే, ఇది అట్టడుగున ఎక్కడో ఉంటుంది.

ఇక ఆ రాత్రి సంగతి. సాయంత్రం నుంచే ఈదురుగాలి, చినుకులు. ఇలాంటి రోజు కోసమే కదా ఇదంతా కొనుక్కున్నది, అన్నం తింటూ కూడా కన్సోల్ వంకే చూస్తున్నాను. పీడనం దిగుతోంది, గాలి పెరుగుతోంది. తొమ్మిదింటికి కరెంటు పోయింది, ఆ వెంటనే టవర్ కూడా పోయినట్టుంది, సిగ్నల్ సున్నా. ఇన్వర్టర్ మీద రూటర్, కన్సోల్ రెండూ నడుస్తూనే ఉన్నాయి. తెర మీద వాన అంకె పెరుగుతూనే ఉంది. నెట్ రాగానే అదంతా వరసగా ఎక్కేస్తుందిలే అనుకుని నిద్రపోయాను. అలా అనుకోవడంలో వింతేం ఉంది? సిగ్నల్ లేనప్పుడు పంపిన మెసేజ్ సిగ్నల్ రాగానే దానంతటదే వెళ్ళిపోవడం ఫోన్లలో ఎన్నేళ్ళ నుంచో చూస్తున్నాం.

సిగ్నల్ తెల్లవారుజామున నాలుగింటికి వచ్చింది. లేచి గ్రాఫ్ తెరిస్తే తొమ్మిదింటి దగ్గర గీత తెగిపోయి, నాలుగింటి దగ్గర మళ్ళీ మొదలైంది. మధ్యలో ఖాళీ. అంతకన్నా కడుపు మండించింది వాన లెక్క. సైటులో ముందురోజు వాన 14.2 మిల్లీమీటర్లు, ఈరోజు 9.6. రాత్రంతా తూములు పొంగిన చప్పుడు చెవుల్లో ఉంటే ఇదేం లెక్క?

కన్సోల్ వాన అంకెని రోజంతా కలుపుకుంటూ పోయి, ఎప్పుడు పంపినా అప్పటిదాకా పడిన మొత్తాన్ని పంపుతుంది. మధ్యాహ్నం రెండు గంటలు నెట్ పోయినా ఫర్వాలేదు, తిరిగి రాగానే మొత్తం ఒక్కసారిగా ఎక్కేస్తుంది, గ్రాఫ్‌లో గీత నిటారుగా లేస్తుందంతే. కానీ అర్ధరాత్రి పన్నెండింటికి ఆ అంకె సున్నా అవుతుంది. తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య పడిన వాన ఏ సర్వర్‌కీ చేరకుండానే చెరిగిపోయింది. అసలు వానంతా పడింది సరిగ్గా ఆ మూడు గంటల్లోనే.

నెలవారీ మొత్తం మాత్రం మిగిలింది. యాప్‌లో రాత్రి చివరిగా చేరిన నెల మొత్తం 82.6, పొద్దున కన్సోల్ చూపిస్తున్నది 131.4. తేడా 48.8. అందులోంచి అర్ధరాత్రి తర్వాత పడిన 9.6 తీసేస్తే, ఆ మూడు గంటల్లో కురిసింది 39.2 మిల్లీమీటర్లు. అంటే ముందురోజు అసలు వాన 53.4. సైటులో ఇప్పటికీ 14.2 అనే ఉంది, దాన్ని దిద్దే వీలు నాకు లేదు. వాన సరే, తీసివేతలతో దొరికింది. ఈదురుగాలి ఎంత వేగానికి వెళ్ళిందో, పీడనం ఎంతకి దిగిందో దొరకలేదు. ఆ రోజు గరిష్ఠం, కనిష్ఠం కూడా అర్ధరాత్రికే చెరిగిపోతాయి మరి.

నా కడుపుమంట ఇదీ. ఏడు గంటలంటే 84 రీడింగులు, ఒక్కోటి అర కేబీ, మొత్తం 42 కేబీ. ఫోన్‌లో తీసిన ఒక్క ఫోటో అంతకన్నా ఎక్కువ. ఆ 42 కేబీ దాచిపెట్టుకుని తర్వాత పంపే తెలివి ఈ కన్సోల్‌కి లేదు. గాలి ఊపిరాడకుండా బిగదీసుకున్న వేసవి మధ్యాహ్నాల్లో మాత్రం అదే అంకెని గంటల తరబడి నిష్ఠగా పంపిస్తుంది! కంపెనీ కస్టమర్ కేర్‌ని అడిగితే "నెట్ సరిగా ఉండేలా చూసుకోండి సార్" అన్నారు. టవర్ మీద నాకేం అధికారం ఉందో వాళ్ళకే తెలియాలి.

పైన ఫుల్ మార్కులన్నాను గానీ, ఆ 13 ఎంబీ నా సెట్టింగుకి మాత్రమే. అంతరం 5 నిమిషాల నుంచి నిమిషానికి దించితే ఖర్చు అయిదింతలు. ఎన్‌క్రిప్షన్‌తో, అంటే దారిలో ఎవరూ చదవకుండా తాళం వేసి పంపే సర్వీసు అయితే ప్రతిసారీ కొత్తగా కనెక్షన్ కుదుర్చుకోవడానికే అయిదారు కేబీ దాకా పోవచ్చు. అలాంటివి మూడింటికి నిమిషానికోసారి పంపితే నెలకి ముప్పావు జీబీ. ఇలాంటి రీడింగులు తీసుకునే వెదర్ అండర్‌గ్రౌండ్ అనే సైటులో ర్యాపిడ్ ఫైర్ అని ఇంకోటుంది, రెండున్నర సెకన్లకోసారి పంపుతుంది. రోజుకి 34,560 సార్లు! మామూలు కనెక్షన్‌తోనే నెలకి ఒకటిన్నర జీబీ అవుతుంది. ఆకాశం ఫోటోలు పంపే కెమెరా తగిలించారా, 200 కేబీ ఫోటో 5 నిమిషాలకొకటి చొప్పున నెలకి 1.7 జీబీ, దాని ముందు స్టేషన్ ఖర్చు లెక్కలోకే రాదు. ఇవి కాక, సొంత రీడింగులే అయినా బయట ఉన్నప్పుడు యాప్‌లో మాటిమాటికీ చూసుకుంటే ఫోన్ డేటా వేరే. మా ఆవిడ అన్నట్టు, కిటికీ తీసి చూస్తే ఫ్రీ.

ఆ రాత్రి తర్వాత ఒక ఏర్పాటు చేసుకున్నాను. ఇంట్లోని కంప్యూటర్‌కి కూడా రీడింగులు పంపే సెట్టింగ్ నా కన్సోల్‌లో ఉంది. మూల పడున్న పాత ల్యాప్‌టాప్‌ని దానికి కేటాయించి నిమిషానికోసారి రాసి పెట్టుకుంటున్నాను. అది ఇంటి వైఫైలోనే తిరుగుతుంది కాబట్టి బయటి డేటా ఒక్క కేబీ ఖర్చు కాదు, టవర్ పోయినా ఆగదు. ఆ తర్వాత నెట్ చాలాసార్లే పోయింది, అర్ధరాత్రి దాటిన సందర్భాలూ ఉన్నాయి, నా దగ్గర లెక్క తెగలేదు. సైటులో మాత్రం ఖాళీలు అలాగే ఉంటాయి. ఇన్వర్టర్ చేతులెత్తేస్తే అప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నా లాభం లేదు, రూటర్ ఉండదు.

కొనమంటారా అంటే, తెగని బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇంటికి ఈ గోలేదీ అంటదు, నిశ్చింతగా తీసుకోవచ్చు. నాలాగా సిమ్ మీద ఆధారపడి, పైగా వాన లెక్కల పిచ్చి ఉంటే, మెమరీ కార్డులో దాచుకునే కన్సోలా కాదా అన్నది కొనేముందే అడగండి. నా దాని సెన్సర్లు ఇంకా బాగానే ఉన్నాయి, అవి పాడయ్యేదాకా ఈ కన్సోల్‌తోనే సర్దుకుంటాను.