డెక్ రిపేర్: ధర చెప్పే ముందు కిందికి దూరి చూసినవాళ్లకే పని ఇచ్చాం, బతికిపోయాం

డెక్ (ఇంటికి ఆనించి చెక్కతో కట్టిన అరుగు) మీద నడుస్తుంటే ఒకచోట కాలు మెత్తగా దిగినట్టు అనిపిస్తే, పైన పలక పాడైందిలే అని సరిపెట్టుకోకండి. మా ఇంటి వెనక చెక్క డెక్ విషయంలో మేం చేసిన తప్పు అదే, అందుకే ఒకే పనికి రెండుసార్లు డబ్బు పెట్టాల్సి వచ్చింది. రెండోసారి చేసినవాళ్ల పని పూర్తయి, వానలన్నీ పడి వెలిశాక కూడా డెక్ గట్టిగా నిలబడింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

మొదట వచ్చినతను పది నిమిషాలు పైపైన తిరిగి, ఫోన్‌లో రెండు ఫోటోలు తీసుకుని, నోటిమాటగా ఒక అంకె చెప్పాడు. తక్కువే కదా అని ఒప్పుకున్నాం. ప్రెషర్ వాషర్ నాజిల్‌ని చెక్కకి బాగా దగ్గరగా పెట్టి ఫుల్ ప్రెషర్‌తో కొట్టాడు, నాచుతో పాటు చెక్క పైపొర కూడా లేచి నూగు నూగుగా తయారైంది. మర్నాడు పొద్దున్నే, తడి కూడా ఆరకముందే, దాని మీద పెయింట్ వేసేశాడు. చూడ్డానికి కొత్త డెక్‌లా ఉంది, కాదనను. కొన్ని నెలలు గడిచేసరికి పెయింట్ పెచ్చులు పెచ్చులుగా ఊడింది, కాలు దిగే చోటు మాత్రం ఇంకా దిగుతూనే ఉంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. లోపల తడి ఉన్న చెక్క మీద పెయింట్ పొర కప్పితే ఆ తడి బయటికి పోయే దారి లేక, పొరని తోసుకుని లేస్తుందని తర్వాత తెలిసింది.

రెండోసారి, పక్కింటివాళ్లకి మూడేళ్ల కింద డెక్ బాగుచేసిన మనుషులనే పిలిచాం. ఒక పెద్దాయన, ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు, అంతే. ఆయన పైకి ఎక్కనేలేదు, ముందు టార్చి, స్క్రూడ్రైవర్ పట్టుకుని డెక్ కిందికి దూరాడు. పావుగంట తర్వాత లోపలి నుంచే "మేడమ్, ఒకసారి వంగి ఇటు చూడండి" అన్నాడు. ఇంటి గోడకి ఆనించి బిగించిన పొడుగాటి దూలం ఉంటుంది చూడండి, లెడ్జర్ అంటారు, దాని మీద స్క్రూడ్రైవర్ పెట్టి బొటనవేలితో నొక్కాడు. పెద్ద బలం కూడా పెట్టలేదు. పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే దాని మొనకి నల్లటి తడి పొట్టు అంటుకుని వచ్చింది. మా పిల్లలు, వాళ్ల స్నేహితులు అందరూ గంతులేసేది సరిగ్గా దాని పైన. ఆ రోజే డెక్ తలుపుకి తాళం వేశాను.

గోడకీ లెడ్జర్‌కీ మధ్య నీళ్లు జారిపోవడానికి రేకు వేయాలి, ఫ్లాషింగ్ అంటారు, మాకు అదే లేదట. గోడ మీద పడ్డ ప్రతి చుక్కా ఆ సందులో చేరి, ఏళ్ల తరబడి చెక్కని చివికేలా చేసింది. పైగా ఆ దూలాన్ని గోడకి ఉత్త మేకులతో కొట్టి వదిలేశారు. డెక్‌కి ఒక పక్క బరువంతా మోసేది అదే, మేకులేమో బరువుకి మెల్లమెల్లగా బయటికి వస్తాయి, అందుకే అక్కడ బోల్టులు ఉండాలి. డెక్‌లు ఉన్నట్టుండి కూలిపోవడానికి పెద్ద కారణాల్లో ఈ లెడ్జర్ ఊడిరావడం ఒకటి. ఇదంతా పెయింట్ కింద ఉండిపోయింది.

కొటేషన్ కాగితం మీద ఇచ్చాడు: లెడ్జర్ ఎంత, పలకలు ఎంత, కూలి ఎంత విడివిడిగా. "పైపలకలు విప్పాక ఇంకెన్ని జాయిస్టులు పోయాయో ఇప్పుడు చెప్పలేను, ఒక్కోదానికి ఇంత అని రాస్తాను, మార్చే ముందు మీకు చూపిస్తాను" అన్నాడు. జాయిస్టులంటే పలకలని కింద నుంచి మోసే దూలాలు. విప్పాక ఇంకో రెండు పుచ్చినవి కనబడ్డాయి, నన్ను పిలిచి చూపించాకే చెయ్యి వేశాడు. బిల్లు పెరిగింది కానీ మోసపోయానని ఒక్కసారి కూడా అనిపించలేదు.

పని తీరు గురించి ఎంత చెప్పినా తక్కువే. ముందు డెక్ కింద తాత్కాలికంగా ఆధారాలు నిలబెట్టి, అప్పుడు పాత లెడ్జర్ తీశారు. కొత్తదానికి బోల్టులు, దాని పైన రేకు. జాయిస్టులు కూర్చునే లోహపు హ్యాంగర్లలో ఏ రంధ్రమూ ఖాళీగా వదలకుండా, వాటికని తయారుచేసిన మేకులే కొట్టారు. చివికిపోకుండా మందు పట్టించిన చెక్కలో రాగి ఉంటుందట, అది మామూలు స్క్రూలని తినేస్తుంది, అందుకే మందంగా జింకు పూత ఉన్నవి గానీ స్టెయిన్‌లెస్‌వి గానీ వాడాలి. కోసిన ప్రతి కొసకీ ఆ కుర్రాడు ఓపిగ్గా మందు పూయడం నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. కొత్త పలకలని దాదాపు ఆనించి బిగిస్తుంటే సందు లేదేంటని అడిగాను. ఇవి ఇంకా పచ్చిగా ఉన్నాయి, ఆరేకొద్దీ కుంచించుకుపోయి సందు దానంతట అదే వస్తుందన్నాడు. నిజంగానే వచ్చింది.

చెక్కకి పట్టించే రంగు, స్టెయిన్ అంటారు, అది మాత్రం చెక్క ఆరేదాకా వేయనన్నాడు. ఇక్కడ నాకు కొంచెం టెన్షన్ పట్టుకుంది, మళ్లీ రాడేమోనని. రెండున్నర నెలల తర్వాత తనే ఫోన్ చేసి వచ్చాడు. పలక మీద నాలుగు నీటి చుక్కలు వేసి చూశాడు, అవి పూసల్లా నిలబడకుండా కాసేపటికే ఇంకిపోయాయి. చెక్క తాగడానికి సిద్ధంగా ఉందన్నమాట. అప్పుడు లోపలికి ఇంకే రకం స్టెయిన్ పలచగా పట్టించి, మిగిలింది గుడ్డతో తుడిచేశాడు. ఇది పెయింట్‌లా పెచ్చులు లేవదు, వెలిసిపోయినప్పుడు కడిగి మళ్లీ పట్టిస్తే చాలు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. చెప్పినదానికంటే రెండు రోజులు ఆలస్యమైంది, ముందుగా ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే బాగుండేది. పాత, కొత్త పలకల రంగు ఇప్పటికీ కలవలేదు, ఇది మాత్రం ముందే చెప్పాడు. గడ్డిలో స్క్రూలు వదిలేశారు, ఒకటి మా పాప కాలికి గుచ్చుకోబోయింది, గట్టిగానే అడిగాను. మర్నాడు పొద్దున్నే అయస్కాంతం తెచ్చి గడ్డంతా వెతికి ఏరి వెళ్లారు.

మీరు ఎవరిని పిలిచినా, పనివాళ్లకి దెబ్బ తగిలితే వర్తించే ఇన్సూరెన్స్ కాగితం చూపించమనండి, అడగడానికి మొహమాటపడకండి. మీ దగ్గర ఇలాంటి పనికి పర్మిట్ కావాలో వద్దో కూడా ముందే తెలుసుకోండి. మొత్తం డబ్బు అడ్వాన్స్‌గా అడిగేవాళ్లకి వద్దని చెప్పేయండి, మేం సామాను వచ్చాక కొంత, పని అయ్యాక మిగతాది ఇచ్చాం. డెక్ బాగా పాతదైతే ఇంకో మాట, వెనకటి మందుల్లో కొన్నిటిలో ఆర్సెనిక్ ఉండేది. ఆ చెక్కని మాస్క్ లేకుండా రుద్దనివ్వకండి, తీసిన ముక్కలు అస్సలు కాల్చకండి.

మెట్ల దగ్గర రెయిలింగ్ స్తంభం ఒకటి ఈమధ్య కొద్దిగా ఊగుతోంది. పెద్దాయనకే ఫోన్ చేశాను, శనివారం వస్తానన్నాడు. ఈసారి ఇంకెవరినీ ధర అడగలేదు.