రోటరీ బాసా, పిస్టన్ బాసా: రెండూ ఏళ్లపాటు ఊదాక

మిలటరీ బ్యాండులో ఉన్నన్నాళ్లూ, రిటైరై నెల్లూరు వచ్చాక చర్చిలో, పెళ్లిళ్లలో ఊదుతున్నప్పుడూ నా ఒళ్లో ఉన్నది డబుల్ బి ఫ్లాట్ ట్యూబానే, అంటే బి ఫ్లాట్ శ్రుతిలో కింది స్వరాలు పలికే పెద్ద ఇత్తడి వాయిద్యం. బాసు అన్నా ఇదే. ఇప్పుడు ఇంట్లో రెండున్నాయి, రెండూ సెకండ్ హ్యాండువే. ఒకటి జర్మనీలో చేసిన మిరాఫోన్ 186, నాలుగు రోటరీ వాల్వులు, అంటే నొక్కితే లోపల తిరిగి గాలిని అదనపు గొట్టంలోకి మళ్లించేవి. రెండోది ఇంగ్లీషు మాదిరి, మూడు పిస్టన్ల (పైకీ కిందికీ కదిలే వాల్వుల) కాంపెన్సేటింగ్ రకం, ఆ మాట సంగతి కింద చెప్తాను. రెండింటి గొట్టమూ విప్పి పరిస్తే 18 అడుగులే కాబట్టి శ్రుతి ఒకటే. శబ్దం మాత్రం ఒకటి కాదు.

పిస్టన్ దాని బెల్లు, అంటే శబ్దం బయటికొచ్చే వెడల్పాటి మూతి, 19 అంగుళాలు. మిరాఫోన్‌ది 16 అంగుళాల పైచిలుకు. చర్చిలో కీర్తన కింద పిస్టన్ బాసు పట్టి ఊదితే హాలంతా నిండుతుంది, బెంచీ వణకడం కాళ్లకు తెలుస్తుంది. ఊదేవాడికి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కానీ అదే బాసు మా కుర్రాడికిచ్చి, నేను ట్రంకు రోడ్డు మీద దూరంగా నిలబడి వింటే, జనరేటరు మోతలో ఆ వెడల్పంతా కలిసిపోయి ఏ స్వరం పలుకుతోందో తేలలేదు. మిరాఫోన్ దీనికి పూర్తిగా ఎదురు. ఊదేవాడి చెవికి కాస్త సన్నంగా, పొడిగా ఉంటుంది. దూరాన ఉన్నవాడికి మాత్రం ప్రతి స్వరమూ విడివిడిగా తెలుస్తుంది. అందుకే ట్యూబా కొనేటప్పుడు ఊదేవాడి మాట నేను సగమే నమ్ముతాను. ఇంకొకడి చేత ఊదించి, దూరం వెళ్లి వినాలి.

వీటికంటే భారీవి, 6/4 సైజువి, ఉన్నాయి. చికాగో సింఫనీలో 1944 నుంచి 1988 దాకా ట్యూబా వాయించిన ఆర్నాల్డ్ జేకబ్స్ దగ్గర యార్క్ కంపెనీ వాళ్ల పెద్ద సి ట్యూబా ఉండేది. యమహా 826 లాంటివి దాన్ని చూసి చేసినవే. ఆర్కెస్ట్రా వెనక కూర్చుని పెద్ద హాలంతటినీ మోయడానికి అవి సరే. మన షామియానా కింద, పక్కన సైడ్ డ్రమ్ములు మోగుతుంటే అంత సైజు దండగ. ఇంకో సంగతి, జేకబ్స్‌కు ఆస్తమా ఉండేది. పెద్ద బాసుకు పెద్ద ఛాతీ కావాలనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక శ్రుతి. మామూలు మూడు పిస్టన్ల బాసులో 1, 3 కలిపి నొక్కితే స్వరం కొంచెం పైకి పోతుంది, మూడూ కలిపి నొక్కితే ఇంకా పైకి పోతుంది. గొట్టం చాలదు మరి. దీనికి లండన్‌లో డేవిడ్ బ్లెయిక్లీ 1874లో పేటెంటు తీసుకున్న ఉపాయమే కాంపెన్సేటింగ్. మూడో పిస్టన్ నొక్కినప్పుడు గాలి వెనక్కి తిరిగి, మిగతా పిస్టన్ల దగ్గరున్న చిన్న గొట్టాల్లోంచి ఇంకోసారి పోతుంది. లోటు పూడుతుంది. కింది సి, బి స్వరాల్లో పెదవితో సర్దే పనే ఉండదు. ఈ ఒక్క విషయంలో నా ఓటు పిస్టన్‌కే. మిరాఫోన్‌లో 1, 3 బదులు నాలుగోది నొక్కితే సి, ఎఫ్ చక్కగా వస్తాయి. ఆ కింద ఇ ఫ్లాట్, డి కూడా దొరుకుతాయి. మూడు పిస్టన్లలో అవి లేనే లేవు.

కానీ కాంపెన్సేటింగ్‌లోని ఆ చిన్న గొట్టాలకు ఊపిరితో వెల చెల్లించాలి. కింది స్వరాల్లో గాలి ఆగి ఆగి పోతుంది, సైకిలు పంపు చివర వేలు అడ్డం పెట్టి కొట్టినట్టు. "గాలంతా యాడికి పోతాందన్నా, సగం పాటకే తల తిరగతాంది" అన్నాడు మా కుర్రాడు. మిరాఫోన్‌లో ఆ బిగువు తక్కువ. రోటరీ వాల్వు కొంచెం తిరిగితే చాలు కాబట్టి వేలికి శ్రమా తక్కువే, స్వరం నుంచి స్వరానికి జారుడు నున్నగా ఉంటుంది. స్లో కీర్తనకు అది హాయి. గంతులేసే పాటకు పిస్టన్ కొట్టే దెబ్బే బాగుంటుంది.

మన ఎండలకు రెండూ ఒకటే. లోపలి గాలి 10 డిగ్రీలు వేడెక్కితే శ్రుతి అర స్వరంలో నాలుగో వంతుకు పైనే ఎక్కుతుంది. కీబోర్డు 440 దగ్గర కదలకుండా కూర్చుంటుంది. రోహిణి కార్తెలో పెళ్లంటే గొట్టం పొడవు పెంచే మెయిన్ స్లైడు బాగా బయటికి లాగాల్సిందే. రెండు పాటల మధ్య బాసును ఎండలో పెట్టి భోజనానికి పోయేవాళ్లకు ఏం చెప్పినా దండగే.

సర్వీసు మాటకొస్తే, పిస్టన్‌కు దుమ్ము గిట్టదు. తిరునాళ్లలో ఊదొస్తే మూత విప్పి, గుడ్డతో తుడిచి, నూనె వేయాలి. పది నిమిషాల పని, ఎవరైనా చేసుకోవచ్చు. రోటరీ దుమ్మును తట్టుకుంటుంది గానీ, ఒకసారి పట్టేసిందా, విప్పడానికి తెలిసిన చెయ్యి కావాలి. నేను చెన్నై తీసుకెళ్తాను. రోజూ ఊదని వాళ్లు ఈ ఖర్చు ముందే లెక్కేసుకోవాలి.

చర్చికీ, కూర్చుని వాయించే కచేరీకీ అయితే మిరాఫోన్ లాంటి నాలుగు రోటరీలది తీసుకోండి. ఒక్కటే కొనగలిగి అన్నిటికీ వాడాలంటే కాంపెన్సేటింగ్ పిస్టన్. నడిచే ఊరేగింపుకు ఈ రెండూ వద్దు, 10 కిలోలకు అటూ ఇటూ బరువు చేత్తో మోస్తూ ఊదలేం. భుజానికి వేసుకునే మీరట్ సూసాఫోన్ చాలు, కాకపోతే ఒక్కో పీసు ఒక్కోలా ఉంటుంది, ఊది చూశాకే డబ్బివ్వాలి. పాతది ఏది కొన్నా ఒక్కో వాల్వు స్లైడు, వాల్వు నొక్కకుండా, కొంచెం బయటికి లాగండి. తర్వాత వాల్వు నొక్కితే టప్‌మని శబ్దం రావాలి. రాలేదంటే గాలి కారిపోతోందన్నమాట, బేరం అక్కడే ఆపేయండి.