పాత నీస్: పొద్దున చూడాల్సిన ఊరు

ఫ్రాన్స్ దక్షిణ తీరాన ఉన్న నీస్‌కు చాలామంది బీచ్ కోసం వస్తారు. పగలంతా సముద్రం దగ్గరో మొనాకో వెళ్లే రైల్లోనో గడిపి, పాతబస్తీని రాత్రి భోజనానికి అట్టేపెడతారు. అలా చేస్తే రెస్టారెంట్ల బల్లలు తప్ప మరేమీ కనిపించవు. ఇక్కడి సంతలు, చర్చిలు, చేపల అంగళ్లు చాలావరకు ఉదయం ఎనిమిదికీ మధ్యాహ్నం ఒంటిగంటకీ మధ్యే సాగుతాయి. ఈ ఊరికి రోజును ఎలా ఎంచుకోవాలో తెలిస్తే సగం పని అయినట్టే.

సోమవారం కూర్ సలేయా వీధిలో పూల సంత, కూరగాయల సంత ఉండవు. ఆ రోజు అక్కడ పాత వెండి గరిటెలు, పోస్టుకార్డులు, పింగాణీ అమ్మే వాళ్లు కూర్చుంటారు. పాత వస్తువులంటే ఇష్టమున్నవాళ్లకు అదీ మంచి రోజే. మంగళవారం పాతబస్తీలోని పాత భవనం పలే లాస్కారీస్‌తో పాటు, సిమియే గుట్ట వైపున్న చిత్రకారులు మతీస్, షగాల్‌ల మ్యూజియంలు కూడా మూసి ఉంటాయి. అందువల్ల రెండు రోజులే ఉన్నవాళ్లు బుధవారం నుంచి ఆదివారం లోపు వచ్చేలా చూసుకోవాలి.

నడక కూర్ సలేయాలోనే మొదలుపెట్టడం మేలు. కూరగాయల వాళ్లు ఒంటిగంటకల్లా సర్దేస్తారు, తర్వాత నేల కడిగి రెస్టారెంట్లు బల్లలు వేస్తాయి. పూల అంగళ్లు మాత్రం సాయంత్రం దాకా ఉంటాయి. వీధి తూర్పు చివర కనిపించే పసుపు రంగు పెద్ద భవనంలో చిత్రకారుడు హెన్రీ మతీస్ 1921 నుంచి 1938 వరకు ఉన్నాడు. లోపలికి వెళ్లనివ్వరు, కానీ ఆ కిటికీలు ఎటు చూస్తున్నాయో గమనిస్తే ఆయన బొమ్మల్లోని సముద్రం ఎక్కడిదో తెలుస్తుంది. పడమటి చివర ఒపెరా భవనం దగ్గర 1820 నాటి ఓయేర్ మిఠాయి దుకాణం, 1868 నాటి ఆల్జియారీ ఆలివ్ నూనె దుకాణం ఉన్నాయి. నూనె డబ్బా కొంటే దాన్ని చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి. చేతిసంచిలో పెడితే విమానాశ్రయంలో తీసి పారేస్తారు.

అక్కడి నుంచి లోపలి సందుల్లోకి. ఈ ఊరు 1388 నుంచి, మధ్యలో కొన్ని విరామాలతో, తర్వాత ఇటలీని ఏలిన సవోయ్ రాజవంశం చేతిలో ఉండి 1860లో ఫ్రాన్స్‌లో కలిసింది. గోడల కాషాయ, ఎర్రమట్టి రంగులు, ఆకుపచ్చ కిటికీ తలుపులు, బరోక్ చర్చిలు ఇటలీని తలపించడానికి కారణం అదే. వీధి పేర్లు కూడా ఫ్రెంచితో పాటు నీస్ సొంత భాష నిస్సార్ట్‌లో రాసి ఉంటాయి. ర్యూ ద లా ప్వాసొన్రీలో ఓ ఇంటి గోడ మీద 1584 నాటి ఆదాము, అవ్వ శిల్పం ఉంది. తల ఎత్తకుండా నడిచేవాళ్లకు అది దొరకదు. ప్లాస్ రొసెట్టీలో సెంత్ రెపారాత్ కేథడ్రల్, దాని పక్క నుంచి ర్యూ ద్రువాత్. ఈ ఒక్క వీధికే గంట కేటాయించండి. ఇక్కడి జెసూ చర్చిలో ఉపన్యాస వేదిక నుంచి ఒక చెక్క చేయి బయటికి చాచి సిలువను పట్టుకుని ఉంటుంది. 1543లో ఒట్టోమన్ నౌకాదళం, ఫ్రెంచి సైన్యం కలిసి ఈ ఊరిని ముట్టడించాయి. ఆ ముట్టడి నాటిదని చెప్పే ఫిరంగి గుండు ఒకటి ఇదే వీధిలో ఓ మూల గోడకు బిగించి ఉంది. పలే లాస్కారీస్ బయటి నుంచి ఇరుకు ఇల్లులా కనిపిస్తుంది. లోపల మాత్రం పదిహేడో శతాబ్దపు మెట్లదారి, పైకప్పు చిత్రాలు, పాత సంగీత వాయిద్యాల సేకరణ ఉన్నాయి. పాతబస్తీలో టికెట్టు కొని చూడాల్సింది ఒక్కటే ఉంటే అది ఇదే. చాలా చర్చిలు మధ్యాహ్నం పన్నెండుకు మూసి రెండు మూడు గంటల తర్వాతే తెరుస్తారు కాబట్టి వాటిని వెనక్కి నెట్టకండి.

ఈ వీధి చివర ప్లాస్ సాన్ ఫ్రాన్స్వా, అక్కడ ఉదయం చేపల అంగళ్లు. ఇంకాస్త ముందుకెళ్తే, ఈ ఊళ్లోనే 1807లో పుట్టిన ఇటలీ ఏకీకరణ వీరుడు గారిబాల్డీ పేరు పెట్టిన చౌక్ వస్తుంది.

పాతబస్తీ పక్కనే ఉన్న కోట గుట్ట మీద కోట లేదు. 1706లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ దాన్ని కూల్చేయించాడు. పైన ఉన్నది తోట, కృత్రిమ జలపాతం, పాత కేథడ్రల్ పునాదులు, అన్నిటికన్నా మించి సముద్రపు వంపు. ఆ వంపు పడమటి వైపు కాబట్టి ఉదయం ఎండ మన వెనక నుంచి పడి నీటి రంగు స్పష్టంగా కనిపిస్తుంది. సాయంత్రం ఫొటో తీస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. ఓడరేవు వైపు దృశ్యానికి మాత్రం మధ్యాహ్నం బాగుంటుంది. బెల్లాండా బురుజు పక్కన ఉచిత లిఫ్టు ఉంది. అది ఆగిపోయి ఉంటే రెండొందల పైచిలుకు మెట్లు ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వచ్చినప్పుడు ముందే లిఫ్టు సంగతి చూసుకోండి. రోజూ సరిగ్గా పన్నెండుకు గుట్ట మీద ఫిరంగి చప్పుడు చేస్తారు. చంటిపిల్లలుంటే ముందే జాగ్రత్తపడండి.

తిండి విషయంలో శాకాహారులకు ఇక్కడ ఒక పెద్ద దిక్కు సొక్కా. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. మన శనగపిండి అట్టు లాగే ఉంటుంది, అంచులు మాత్రం మాడినట్టు కరకరలాడాలి. పొయ్యి నుంచి దిగగానే మిరియాల పొడి చల్లి తినాలి. చల్లారితే తోలులా సాగుతుంది. అందుకే పొయ్యి కనిపించే చోట, కొత్త పళ్లెం వచ్చేదాకా వరుసలో ఆగి తినడమే సరైన పద్ధతి. జుకినీ పువ్వుల బజ్జీలు, స్విస్ చార్డ్ ఆకుకూరలో ఎండుద్రాక్ష, పైన్ గింజలు వేసి చేసే తీపి టార్ట్ కూడా దొరుకుతాయి, ఈ టార్ట్‌లో గుడ్డు ఉంటుంది. పిస్సలాదియేర్ ఉల్లిపాయల రొట్టెలా అమాయకంగా కనిపిస్తుంది గానీ, పైన పెట్టిన ఆంకోవీ చేపను తీసేసినా లాభం లేదు, సంప్రదాయంగా చేస్తే ఉల్లిపాయల్లోనే చేపల ముద్ద కలుపుతారు. పాన్ బాన్యా అనే శాండ్‌విచ్‌లో ట్యూనా చేప, రవియోలీలో సాధారణంగా గొడ్డు మాంసం. "సాన్ వియాంద్, సాన్ ప్వాసొన్" అంటే మాంసం, చేప లేకుండా అని అర్థం చేసుకుంటారు. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా వంటగదులు ఏడు దాకా తెరవవు. "కరాఫ్ దో" అని అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా ఇస్తారు, తాగడానికి మంచివే.

బస పాతబస్తీ నడిబొడ్డున వద్దు, అంచున తీసుకోండి. లోపలి ఇళ్లు నాలుగైదు అంతస్తులు, చాలావాటికి లిఫ్టు ఉండదు, మెట్లు ఇరుకు. ర్యూ ద లా ప్రెఫెక్త్యూర్ చుట్టూ బార్ల గోల అర్ధరాత్రి దాటినా ఆగదు. కూర్ సలేయా మీదకి కిటికీ ఉంటే తెల్లవారకముందే సంత బళ్ల చప్పుడు. వేసవిలో ఏసీ లేని గదిలో కిటికీ మూసి పడుకోలేం, తెరిస్తే గోల. కార్లు లోపలికి రావు కాబట్టి ట్యాక్సీ అంచునే దింపుతుంది, పెట్టెలు రాళ్ల మీద లాక్కెళ్లాలి. అపార్ట్‌మెంటు బుక్ చేసే ముందు ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా, ఏసీ ఉందా, పడకగది కిటికీ వీధివైపా పెరటివైపా అన్న నాలుగు ప్రశ్నలూ రాతపూర్వకంగా అడగండి. ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే వదిలేయండి. గారిబాల్డీ చౌక్, ఓడరేవు వైపు ఈ ఊళ్లో అన్నిటికన్నా సమతూకమైన చోటు. ట్రామ్ లైన్లు 1, 2 దగ్గర, పాతబస్తీ ఐదు నిమిషాల నడక. స్టేషన్ చుట్టుపక్కల ధర తక్కువ, కానీ రోజూ రానూ పోనూ పదిహేను, ఇరవై నిమిషాలు నడవాలి. ఫిబ్రవరిలో కార్నివాల్, మే నెలలో కాన్ చిత్రోత్సవం, జూన్ మొదట్లో మొనాకో కార్ల రేసు ఉన్నప్పుడు గదుల ధరలు బాగా పెరుగుతాయి.

విమానాశ్రయం నుంచి ట్రామ్ లైన్ 2 ఎక్కితే గారిబాల్డీ–ల షాతో స్టాపులో దిగవచ్చు. రైల్లో వచ్చేవాళ్లకు స్టేషన్ దగ్గరి గార్ తియేర్ స్టాపు నుంచి లైన్ 1, దిగాల్సింది ఒపెరా–వియేయ్ విల్ లేదా కతెద్రాల్–వియేయ్ విల్. టికెట్టును ఎక్కగానే యంత్రానికి చూపించకపోతే జరిమానా పడుతుంది.

పాతబస్తీ ముందున్న బీచ్‌లో ఇసుక ఉండదు, అన్నీ గులకరాళ్లే. రబ్బరు నీటి చెప్పులు లేకుండా పిల్లలు నాలుగడుగులు కూడా వేయలేరు. ఒడ్డు నుంచి కొద్ది మీటర్లలోనే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, అలలున్న రోజు రాళ్లు కాళ్ల కింద జారిపోయి పైకి రావడం కష్టమవుతుంది. ఈత రానివాళ్లు అంచునే కూర్చోవాలి. ఇసుక కావాలంటే పక్క ఊరు విల్‌ఫ్రాంష్‌కు రైలెక్కండి, పది నిమిషాలు కూడా పట్టదు. స్టేషన్ బీచ్‌కు ఆనుకునే ఉంటుంది. అక్కడ నీరు నిదానంగా లోతవుతుంది, పిల్లలతో వచ్చినవాళ్లకు మధ్యాహ్నం గడపడానికి నీస్ బీచ్ కంటే అదే మంచిది.