ఐదు రంగుల కాగితం పూల మొక్క కొనేవాళ్ళు కాస్త ఆగండి!

రీల్స్‌లో "ఒకే మొక్క, ఐదు రంగులు, ఒరిజినల్ కడియం అంటు" అని ఊదరగొట్టే ఆయన దగ్గరే కొన్నాను. కడియం అంటే నర్సరీలకి పేరున్న ఊరు, అంటు అంటే ఒక మొక్క కాండానికి వేరే కొమ్మ అతికించి ఒకటిగా పెంచడం. మిద్దెతోట వాళ్ళకి పేరు చెప్పక్కర్లేదు. 1,450 రూపాయలు, పార్సిల్ ఖర్చు వేరే, మొత్తం ముందే ఫోన్‌పే. తెలుపు, పసుపు, నారింజ, లేత గులాబీ, రాణీ రంగు. వచ్చినప్పుడు నిజంగానే ఐదూ ఉన్నాయి. మురిసిపోయి ఫోటో తీసి, థాంక్స్ చెప్పి మరీ పంపాను, మహాతల్లిని!

మంచి ఎండలో పెట్టాను, మట్టి ఆరాకే నీళ్ళు పోశాను. రాణీ రంగు కొమ్మ చిగురేసింది. మిగతా నాలుగూ ఆకులు రాల్చేశాయి, పూలు మాత్రం అలాగే ఉన్నాయి. కిటుకంతా అక్కడే ఉంది. కాగితం పూల మొక్కలో, అదే బోగన్‌విల్లియాలో, మనం పూలనుకునే రంగువి రేకులు కావు, ఒక రకం ఆకులు. అసలు పువ్వు వాటి మధ్యలో ఉండే సన్న తెల్లది. ఆ రంగు ఆకులు కాగితంలా ఉంటాయి కాబట్టి కొమ్మ చచ్చినా చాలా రోజులు కళగానే కనిపిస్తాయి.

అనుమానమొచ్చి టేపు విప్పాను. తెల్లపూల కొమ్మ చేతిలోకి ఊడొచ్చింది! అంటూ లేదు, పాడూ లేదు. కాండానికి గాటు పెట్టి, ఎక్కడో విరిచిన పూలకొమ్మని అరటిపండుకి అగరుబత్తి గుచ్చినట్టు గుచ్చి, టేపు చుట్టేశాడు. మిగతా మూడూ అంతే.

వీడియో పంపితే ముందు "నీళ్ళు ఎక్కువ పోశారు మేడం" అన్నాడు. ఊడిన కొమ్మల ఫోటో పెట్టాక వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక ఎవరో నవ్వుతున్నారు కూడా. "ఐదు రంగులూ చూశారు కదా మేడం, ఫోటో కూడా దిగారు కదా, ఇంకేం కావాలి?" అంతే, బ్లాక్. మా ఆయన ఫోన్లో చూస్తే నేను పంపిన ఆ ఫోటోనే "హ్యాపీ కస్టమర్" అని వాడి స్టేటస్‌లో వెలుగుతోంది! కడియంలో తరాలుగా నిజంగా అంట్లు కట్టేవాళ్ళ పేరు కూడా పాడుచేస్తున్నాడు.

కొనాలనుకుంటే టేపు విప్పి వీడియో పెట్టమనండి. అతుకు దగ్గర కాస్త ఉబ్బి, రెండూ కలిసిపోయి ఉండాలి. ప్రతి రంగు కొమ్మకీ కొత్త చిగురుండాలి. పూలు చూసి డబ్బు పంపకండి.

నాకు మిగిలిన రాణీ రంగుదా? అలాంటిది మా సందు చివర గోడ మీద పడి ఉంటుంది, అడిగితే కొమ్మ ఊరికే ఇస్తారు.