లంబసింగి చలిలో టెంటు: ఏ స్టవ్వు, ఏ లైటు?

వంటకూ వెలుగుకూ కలిపి ఒక పెద్ద పవర్ స్టేషన్ (మోసుకెళ్లే పెద్ద బ్యాటరీ పెట్టె) కొంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. వంట దగ్గరే అది చేతులెత్తేస్తుంది. లీటరు నీళ్లు మరగాలంటే కెటిల్‌కు సుమారు 110 వాట్ అవర్లు కావాలి. ఇన్వర్టరు తినేది పోగా 500 వాట్ అవర్ల బ్యాటరీ నాలుగు లీటర్లకే ఖాళీ. అదే 220 గ్రాముల బ్యూటేన్ గ్యాసు డబ్బా, గాలికి అడ్డం ఉంటే, పద్నాలుగు లీటర్ల దాకా మరిగిస్తుంది. అందుకే వంటకు సూట్‌కేసులాంటి పెట్టెలో వచ్చే డబ్బా స్టవ్వుకే మా ఓటు. ఫుల్ మంట మీద ఒక డబ్బా గంటన్నర వస్తుంది. నలుగురికి రెండు రాత్రులకు రెండు డబ్బాలు, చేతిలో ఇంకొకటి.

దీని బలహీనత చలి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవడం మానేస్తుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున లంబసింగిలో 5 డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. పైగా గ్యాసు వాడేకొద్దీ డబ్బా ఇంకా చల్లబడుతుంది. ఊపితే లోపల గలగలమంటుంది, మంట మాత్రం గుడ్డిగా వెలుగుతుంది. అయిపోయిందనుకుని పారేయకండి. జాకెట్ లోపల పదిహేను నిమిషాలు పెట్టుకోండి, లేదా గోరువెచ్చని నీళ్లలో ఉంచి, తుడిచి బిగించండి. వేడినీళ్లు వద్దు, మంట దగ్గర అసలే వద్దు. చలిలోనూ ఆవిరయ్యే ప్రొపేన్ కలిపిన డబ్బా దొరికితే అదే కొనండి.

డబ్బా మూతి అంచున చిన్న గాడి ఉంటుంది. అది స్టవ్వు మీది గుర్తుకు ఎదురుగా వచ్చాకే లీవరు నొక్కాలి. పక్కకు జరిగి ఉంటే లీవరు దిగదు. బలవంతం చేస్తే గ్యాసు కారుతుంది. అనుమానంగా ఉంటే సబ్బు నురగ రాసి చూడండి. స్టవ్వులో డబ్బా కూర్చునే గది మీదికి వచ్చేంత వెడల్పు పెనం, బిర్యానీ గిన్నె పెట్టొద్దు: వేడి కిందికి కొట్టి డబ్బా పేలిపోవచ్చు.

పదిమందికి వండాలి, కారుంది అంటే 5 కిలోల సిలిండరు మేలు. ఇండియన్ ఆయిల్ దాన్ని ఛోటూ పేరుతో అమ్ముతోంది. మోసుకుని కొండెక్కేవాళ్లకు పనికిరాదు. రైల్లో సిలిండరూ వద్దు, డబ్బా కూడా వద్దు. లంబసింగి ఎత్తులో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి పప్పుకు చిన్న కుక్కరు పట్టుకెళ్లండి, గ్యాసు కూడా ఆదా. కట్టెలు ఉన్నాయి కదా అనుకోవద్దు, రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరం.

వెలుగుకు మాత్రం బ్యాటరీయే. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఉండేది 74 వాట్ అవర్లు. నష్టాలు పోయినా 3 వాట్ల యూఎస్‌బీ లైటు 20 గంటలు వెలుగుతుంది, అంటే రెండు రాత్రులకు ధోకా లేదు. ఒక చిక్కుంది: లైటును బాగా తగ్గిస్తే, ఏమీ తగిలించలేదనుకుని పవర్ బ్యాంకు అరనిమిషంలో ఆగిపోతుంది. తక్కువ కరెంటు మోడ్ ఉన్నది ఎంచుకోండి, లేదా లోపలే బ్యాటరీ ఉన్న లాంతరు కొనండి. మడత సోలార్ ప్యానెల్‌ను నమ్ముకోవద్దు. పొగమంచు విడి ఎండ వచ్చేసరికే తొమ్మిది దాటుతుంది, చెట్ల నీడలో రావాల్సిన దాంట్లో సగం కూడా రాదు.

టెంటులో స్టవ్వు, కొవ్వొత్తి, బొగ్గుల కుంపటి ఏదీ వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలికి ఇంకో దుప్పటి వేసుకోండి. తలకు కట్టుకునే లైటు మనిషికొకటి, రాత్రి చేతికందేలా టెంటు జిప్పు పక్కనే.