పాత టేకు షోకేసు, జరిపే తలుపులు: వానాకాలాలు దాటాక నా అభిప్రాయం

మా తాత చేయించిన టేకు షోకేసు ఇది. పైన గాజు తలుపులు, కింద చెక్క తలుపులు, అన్నీ పక్కకు జరిపేవే. తలుపులు జరిగే గాడి అరిగి అవి పట్టేస్తుంటే, తిరుపతిలో అడిగిన ప్రతి కార్పెంటరూ ఒకటే మాట: "గాడి తీసేసి అల్యూమినియం ఛానెల్ కొట్టేద్దాం సార్, సాయంత్రానికి అయిపోతుంది." చెక్కలోంచి దేవుళ్లను చెక్కే మాధవమాల ఉన్న జిల్లాలో, అరిగిన గాడిని బాగుచేసే మనిషి దొరకడం గగనమైంది. చివరికి కొర్లగుంటలో ఒక పెద్ద మేస్త్రి ఒప్పుకున్నాడు.

ఆయన మేకు కూడా పీకలేదు. తలుపును పైకెత్తి, అడుగుభాగాన్ని ముందుకు లాగితే ఊడి వచ్చేసింది. పైగాడి లోతు ఎక్కువ, కిందిగాడి లోతు తక్కువ; పాతకాలం పనిలో కిటుకు అదే. గాడిలో ఎవరో ఎప్పుడో పోసిన కొబ్బరినూనె దుమ్ముతో కలిసి నల్లటి జిగురై కూర్చుంది. సన్న ఉలితో అది గీకేసరికే తలుపు సగం దారికొచ్చింది. అరిగి పల్లం పడిన చోట గట్టిచెక్క పట్టీ అంటించి, తలుపు అడుగున కాస్త చిత్రిక పట్టాడు. లక్కపాలిష్ బాగా ఆరాకే గాడిలో కొవ్వొత్తి రుద్దాడు. ముందే రుద్దితే మైనం అంటిన చోట పాలిష్ పట్టదట.

గాజు తలుపులకు మాత్రం ఛానెలే వేయించాను. 5 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 12.5 కిలోలు తూగుతుంది, ఆ బరువుకు చెక్క గాడి త్వరగా అరుగుతుంది. తేలిగ్గానే జరుగుతున్నాయి, కాదనను. కానీ గరగరమనే చప్పుడు, ఛానెల్‌లో చేరే దుమ్ము, చచ్చిన పురుగులు! పాత బ్రష్ ఒకటి దానికే కేటాయించాం. టేకు పక్కన ఆ వెండి మెరుపు నాకు ఇప్పటికీ కంటికి ఆనదు.

చెక్క తలుపులకు అసలు పరీక్ష అక్టోబరు, నవంబరు వానల్లోనే. తేమకు చెక్క నార పొడవునా పెద్దగా పెరగదు, నారకు అడ్డంగా ఉబ్బుతుంది. మా ఎడమ తలుపు ఆ నెలల్లో చివరి అంగుళం దగ్గర ఇంకా పట్టేస్తుంది. మళ్లీ చిత్రిక పట్టమంటే మేస్త్రి వద్దన్నాడు, ఎండల్లో వదులై కొట్టుకుంటుందని. ఆయన మాటే నిజం, మే నెలలో అదే తలుపు ఒంటివేలితో జరుగుతుంది.

అందుకే చెక్క తలుపులకైతే ఛానెల్ జోలికి పోవద్దంటాను. వానలకు ముందు ఒకసారి గాడి తుడిచి, తెల్ల కొవ్వొత్తి రుద్దితే చాలు. రంగువి వద్దు, మరకలు పడతాయి. నూనె అసలే వద్దు.